పాపం మీద మెత్తదనం, పాపి మీద కాఠిన్యం



డిసెంబరు వచ్చింది. గరికపాడు దగ్గర రాష్ట్ర సరిహద్దు దాటి జగ్గయ్యపేట, నందిగామ వైపు వస్తుంటే ఊరూరా ఇళ్ల మీద క్రిస్మస్ నక్షత్రాలు వెలుగుతున్నాయి. సెమీ క్రిస్మస్ కూడికలు, ఇంటింటికీ తిరిగే క్యారల్స్ బృందాలు, మందిరాలకు కొత్త రంగులు. చూడముచ్చటగా ఉంది. క్రిస్మస్ తర్వాత మూడు వారాలకు సంక్రాంతి. అప్పుడు ఇవే ఊళ్ల పొలిమేరల్లో, మామిడి తోటల్లో కోడిపందేల బరులు లేస్తాయి. బరి చుట్టూ గుండాట, కోతముక్క. పక్కనే మద్యం. క్రిస్మస్‌కు నక్షత్రం కట్టిన చేతుల్లో కొన్ని సంక్రాంతికి పందెం నోట్లు పట్టుకుంటాయి.

ఈ మాట రాయడం మాకు సంతోషం కాదు. కానీ ఈ మెట్ట ప్రాంతంలోని కాపరులకు, సంఘ పెద్దలకు, తల్లులకు ఇది తెలియని సంగతీ కాదు. అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. ఆ మౌనం గురించే ఈ వారం నాలుగు మాటలు చెప్పుకుందాం.

ముందు మద్యం సంగతి చూద్దాం. 2019 అక్టోబరు నుంచి మన రాష్ట్రంలో మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడిపింది. 2020 మే నెలలో ధరలు ఒక్కసారిగా 75 శాతం పెరిగాయి. తాగుడు తగ్గించడానికే పెంచామన్నారు. సరిహద్దుకు అవతల, కోదాడ వైపు, ధర తక్కువ. దాంతో గరికపాడు చెక్‌పోస్టు పేరు తరచూ వార్తల్లోకి ఎక్కింది. కార్ల డిక్కీల్లో, సరుకు బండ్లలో, ద్విచక్ర వాహనాల మీద సీసాలు పట్టుబడ్డాయి. తెచ్చినవాళ్లందరూ పెద్ద ముఠాల మనుషులు కారు. పనులు లేక తిరుగుతున్న కుర్రాళ్లూ ఉన్నారు. "నేను తాగను, తెచ్చి ఇస్తానంతే" అని తమకు తాము చెప్పుకున్నవాళ్లూ ఉన్నారు. "రెండు మూడు సీసాలే కదా" అన్నది ఆ రోజుల్లో సరిహద్దు ఊళ్లలో మామూలు మాట అయిపోయింది.

2024 అక్టోబరులో విధానం మారింది. రాష్ట్రవ్యాప్తంగా 3,396 ప్రైవేటు దుకాణాలకు లాటరీ తీశారు. ఒక్కో దరఖాస్తుకు తిరిగి రాని రుసుము 2 లక్షల రూపాయలు. అయినా దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. 99 రూపాయలకే క్వార్టర్ సీసా దొరకడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి, 2025 అక్టోబరులో, అన్నమయ్య జిల్లా ములకలచెరువులోనూ మన ఎన్టీఆర్ జిల్లా ఇబ్రహీంపట్నంలోనూ నకిలీ మద్యం బాగోతం బయటపడింది. నందిగామ నుంచి విజయవాడ వెళ్లే ప్రతివాడూ దాటే ఊరే ఇబ్రహీంపట్నం.

ఏ విధానం మంచిదో తూచడం ఈ పేజీ పని కాదు. మేము గమనించమంటున్నది ఒక్కటే. ధర పెరిగినప్పుడు దొంగదారి దొరికింది, ధర తగ్గినప్పుడు రాచబాట దొరికింది, మనిషి దాహం మాత్రం అలాగే ఉంది. ఇంకాస్త వెనక్కి వెళ్లినా ఇదే కథ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న పేద స్త్రీలు సారాకు ఎదురు తిరిగారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా అంటుకుని 1993 అక్టోబరులో సారా నిషేధం తెచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. ఆ తల్లుల కన్నీళ్లకు చట్టం కదిలింది కానీ, తాగేవాడి గుండె కదలడానికి చట్టం ఒక్కటే చాలలేదు.

ఇప్పుడు పందెం సెల్‌ఫోన్‌లోకి వచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా చట్టం చేసింది. అలాంటి ఆటలు నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. మంచి చట్టమే, దానికోసం దేవునికి స్తోత్రం. కోడిపందేలకైతే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఉంది, 1974 నాటి జూద నిరోధక చట్టం ఉంది, హైకోర్టు ఆదేశాలు ఉన్నాయి. అయినా ప్రతి జనవరిలో మూడు రోజులు ఆ చట్టాలన్నీ పండగ సెలవు తీసుకున్నట్టే ఉంటుంది.

చట్టం పొలం గట్టు లాంటిది. గట్టు తప్పకుండా ఉండాలి. కానీ గట్టు వేసినంత మాత్రాన పొలం దున్నినట్టు కాదు. దున్నవలసిన నేల మన హృదయం. హోషేయ ప్రవక్త ఇశ్రాయేలీయులతో చెప్పింది అదే. బీడు పెట్టిన నేలను దున్నండి, యెహోవాను వెదకడానికి ఇదే సమయమని (హోషేయ 10:12).

హృదయం ఒక్కరోజులో బండబారదు. హెబ్రీ పత్రిక 3వ అధ్యాయం 13వ వచనం మరోసారి తెరిచి చదవండి. పాపం మనల్ని భ్రమపెడుతుందని, ఆ భ్రమలోనే మనం కఠినమైపోతామని అక్కడుంది. పాపం ముందు బెదిరించదు, నచ్చజెబుతుంది. ఒక్కసారే అంటుంది. అందరూ చేస్తున్నదే అంటుంది. పండగ కదా అంటుంది. మొదటిసారి గుండె దడదడలాడుతుంది. రెండోసారి కాస్త ఇబ్బంది. మూడోసారికి ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడమే ప్రమాదం. వాత పెట్టిన చర్మానికి స్పర్శ తెలియనట్టు మనస్సాక్షికి కూడా అలాగే అవుతుందని పౌలు తిమోతిని హెచ్చరించాడు (1 తిమోతి 4:2).

ఇది జగ్గయ్యపేట వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసే అన్నదమ్ములు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. సున్నపురాయిని పిండి చేసి, దాదాపు 1,450 డిగ్రీల వేడిలో కాల్చి, క్లింకరు చేసి, మళ్లీ పొడి చేస్తే సిమెంటు. ఆ పొడిలో నీళ్లు కలిపాక తాపీమేస్త్రికి దొరికేది కొంచెం సమయమే. అర గంట దాటాక ఎప్పుడైనా అది బిగుసుకోవడం మొదలుపెట్టవచ్చు, కొన్ని గంటల్లో బిగుసుకుపోతుంది. ఆ తర్వాత ఎన్ని బిందెల నీళ్లు పోసినా మెత్తబడదు. పైగా నీళ్లు పట్టిన కొద్దీ ఇంకా గట్టిపడుతుంది. ఇల్లు కట్టినవాళ్లు రోజూ గోడలు తడిపేది అందుకే కదా.

అదే నీరు నందిగామ నల్లరేగడి మీద పడితే ఏమవుతుంది? ఎండాకాలం నిలువునా బీటలు తీసి, కాలు దూరేంత నెర్రెలు విచ్చిన నేల, నాలుగు మంచి వానలు పడగానే మెత్తబడి పత్తి గింజను, మిరప నారును కడుపులో దాచుకుంటుంది. నీరు ఒక్కటే, నేల వేరు. దేవుని వాక్యమూ అంతే. ప్రతి ఆదివారం వింటున్నాం. ఉపవాస ప్రార్థనల్లో వింటున్నాం, ఉజ్జీవ సభల్లో వింటున్నాం, ఫోన్‌లో రోజూ వింటున్నాం. విని లోబడినవాడికి అది వాన. విని లోబడనివాడికి అది గోడ మీద పోసిన నీరు. వినడం ఎక్కువైన కొద్దీ వాడు ఇంకా గట్టిపడతాడు. అన్యుల కంటే మనకే ఎక్కువ భయం ఉండవలసింది ఇక్కడే.

అయితే రాతి గుండెకు ఇక దారే లేదా? ఉంది. రాయిని మెత్తబరచడం మనిషి వల్ల కాదు కాబట్టే, రాతి గుండెను తీసివేసి మాంసపు గుండెను ఇస్తానని దేవుడు యెహెజ్కేలు ద్వారా మాట ఇచ్చాడు (యెహెజ్కేలు 36:26). ఆ మాట మీదనే మనం నిలబడి ఉన్నాం. కానీ ఆ కృపను రేపటికి వాయిదా వేసే హక్కు మనకు లేదు. "నేడు" అన్న మాటను హెబ్రీ పత్రిక అంతగా నొక్కి చెప్పింది అందుకే.

కష్టంలో మెత్తబడి సుఖంలో బిగుసుకోవడం పాత జబ్బు. ఫరో కథ చూడండి. కప్పలు ఇంటినిండా నిండినప్పుడు మోషేను పిలిచి ప్రార్థించమన్నాడు. ఉపశమనం కలగగానే మళ్లీ గుండె బిగబట్టాడు (నిర్గమ 8:8, 15). మనం వేరా? 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారిని ముంచేసింది. గరికపాడు దగ్గర పాలేరు పొంగింది. హైదరాబాదు, విజయవాడ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. ఆ రోజుల్లో మన ఊళ్లలో ఎంత ప్రార్థన! ఎంత దయ! ఏ కులమని అడగకుండా అన్నం పొట్లాలు కట్టారు. కొన్నేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు ఒకరి సామాను ఒకరు మోశారు. నీరు తీసింది. సంక్రాంతి వచ్చింది. గట్టు తగాదా మళ్లీ మొదలైంది, బరి మళ్లీ లేచింది. కరోనా కాలంలో మొక్కుకున్న మొక్కుబడులు మనలో ఎందరికి గుర్తున్నాయి?

ఇంతవరకు చెప్పింది లోకం గురించి, పాపంలో పడినవారి గురించి అనుకుని ఎవరైనా ఊపిరి పీల్చుకుంటే, ఆగండి. అసలు సంగతి ఇప్పుడు చెప్పాలి.

మన సంఘాల్లో ఒక తారుమారు జరిగింది. పాపాన్ని ద్వేషించి పాపిని ప్రేమించమని ప్రభువు నేర్పాడు. మనం పాపం మీద మెత్తబడి, పాపి మీద కఠినమయ్యాం. బరికి పొలం కౌలుకిచ్చిన పెద్దమనిషి కోతపండుగలో పెద్ద కానుక వేస్తే, ఆయన పేరు మైకులో చదువుతాం. ఓటుకు నోటు తీసుకున్న చేతులనే ఆశీర్వాదానికి ఎత్తుతాం, ఆ సంగతి ఎవరూ ఎత్తరు. సరిహద్దు సీసాల కాలంలో ఎవరి బండి ఎందుకు తిరుగుతోందో ఊరంతా తెలిసినా ఏ పీఠం మీద నుంచీ ఒక్క మాట రాలేదు. ఇతరులను అంటున్నాం కానీ, ఆ ఏళ్లలో ఈ పేజీలో మేమూ దాన్ని గురించి రాయలేదు. విశ్వాసం గురించి, అంత్యదినాల గురించి, దూరదేశాల యుద్ధాల గురించి రాశాం. మన గుమ్మంలో జరుగుతున్నదాన్ని దాటిపోయాం. మా గుండె కూడా కొంత బండబారిందని ఒప్పుకుంటున్నాం.

ఇక పాపి సంగతి. ఫోన్ పందేల్లో అప్పులపాలైన కుర్రాడు ఆదివారం ఎందుకు రావడం లేదో అడిగేవాడు లేడు, వెనకాల చెప్పుకునేవాళ్లు మాత్రం ఉన్నారు. రాత్రి భర్త తాగి కొట్టిన దెబ్బలు పైటతో కప్పుకుని వచ్చి కూర్చున్న చెల్లెలికి మనం ఇచ్చే సలహా "ఓర్చుకో, ప్రార్థన చెయ్యి" అని. ఆ భర్త దగ్గరకు ఇద్దరు పెద్దలు వెళ్లి కూర్చున్నది ఎన్నిసార్లు? పదేళ్లు తాగి, ఒకనాడు సిగ్గుతో వెనక బల్ల మీద కూర్చున్న మనిషిని చూసి మనం మొహం తిప్పుకుంటే, వాడు మళ్లీ ఎక్కడికి వెళ్తాడు? 99 రూపాయల సీసా దగ్గర అతన్ని ఎవరూ మొహం చిట్లించి చూడరు.

తప్పిపోయిన కుమారుని కథలో ఇద్దరు కుమారులు ఉన్నారు (లూకా 15). చిన్నవాడి గుండె పందుల దొడ్లో కరిగింది. పెద్దవాడు ఏనాడూ ఇల్లు దాటలేదు, తండ్రి మాట మీరలేదు. అయినా విందు పాటలు వినబడుతుంటే గుమ్మం బయట కోపంతో నిలబడిపోయాడు. తాగనివాడి గుండె, జూదమాడనివాడి గుండె, ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చునేవాడి గుండె కూడా రాయి కాగలదని ప్రభువు ఆ కథలో చెప్పాడు. పాపాన్ని ఎదిరించడంలో మనం గెలిచినా, ఆ గెలుపు మనల్ని గర్విష్ఠులను చేస్తే, శత్రువు వేరే గుమ్మం గుండా లోపలికి వచ్చినట్టే.

ఈ నేల మీదే జరిగిన ఒక సంగతి గుర్తు చేస్తాం. 1841లో సి.ఎం.ఎస్. మిషనరీలు నోబుల్, ఫాక్స్ మచిలీపట్నంలో దిగారు. 1843లో నోబుల్ అక్కడ బడి పెట్టాడు. పై కులాల పిల్లలు చదువుకుని క్రీస్తును తెలుసుకుంటే, వారి ద్వారా సువార్త కిందికి పాకుతుందని ఆశ. ఏళ్లు గడిచాయి. ఫలం కొద్దిగానే కనిపించింది. అలాంటి కాలంలో, 1859లో, బెజవాడలో ఉన్న మిషనరీ డార్లింగ్ దగ్గరకు ఒక మనిషి వచ్చాడు. పేరు పగోలు వెంకయ్య. ఊరు మన మెట్టలోని రాఘవాపురం. అంటరానివారని ఊరి అవతల ఉంచిన మాల కుటుంబంలో పుట్టినవాడు. దోపిడీ ముఠాకు నాయకుడిగా పేరుపడినవాడు. అలాంటివాడి గుండెలో ఎక్కడో ఒక మెత్తని చోటు మిగిలి ఉంది. విగ్రహాల మీద నమ్మకం పోయింది, నిజమైన దేవుడెవరో చూపించమని ఎవరికో తెలియకుండానే ప్రార్థించడం మొదలుపెట్టాడు. డార్లింగ్ సువార్త చెప్పినప్పుడు తాను వెదుకుతున్నది ఈయననే అని పోల్చుకున్నాడు. అదే ఏడాది బాప్తిస్మం పొందాడు. మిగిలిన జీవితమంతా తనవాళ్ల మధ్య తిరిగి సువార్త చెప్పాడు. సి.ఎం.ఎస్. పరిచర్య జరిగిన తెలుగు నేలలో పల్లెలకు పల్లెలు క్రీస్తు వైపు తిరగడానికి ఆ మనిషి మారుమనస్సు ఆరంభమైంది. వారు కనిపెట్టుకుని కూర్చున్న గుమ్మం ఒకటి, దేవుడు తెరిచిన గుమ్మం ఒకటి.

ఇప్పుడు మనల్ని మనం అడగాలి. అదే వెంకయ్య ఈ ఆదివారం మన మందిరానికి వస్తే ఏం చేస్తాం? "వీడా!" అంటామా? లేక కూర్చోబెట్టి వాక్యం చెబుతామా? ఆ రోజు డార్లింగ్ వెంకయ్య దోపిడీని చిన్న తప్పు అనలేదు, వెంకయ్యను తలుపు బయటా ఉంచలేదు. పాపానికి ఎదురు నిలిచే గట్టిదనం, పాపిని చేర్చుకునే మెత్తదనం, రెండూ ఒకే గుండెలో ఉండాలి. జక్కయ్య ఇంటికి భోజనానికి వెళ్లిన ప్రభువులో ఆ రెండూ ఉన్నాయి. ఆయన ఆ ఇంట్లో కూర్చున్నందుకే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19:8).

సంక్రాంతికి ఇంకా కొన్ని వారాలున్నాయి. ఈ వారాల్లో చేయదగిన పనులు కొన్ని మా మనసుకు తోచినంతలో చెబుతున్నాం.

కాపరులారా, పండగ అయ్యాక గద్దించడం కంటే పండగకు ముందే మాట్లాడండి. బరికి పొలం ఇవ్వబోయే విశ్వాసి ఎవరో మీకు తెలుసు. పీఠం మీద నుంచి కాకుండా ఆయన ఇంటికి వెళ్లి, ఆయన కుర్చీ పక్కన కూర్చుని చెప్పండి. నాతాను దావీదు దగ్గరకు వెళ్లినట్టు వెళ్లండి (2 సమూయేలు 12). పందెం సొమ్ములోంచి వచ్చే కానుక వద్దని ప్రేమతో, ధైర్యంగా అనండి. ఆ నెల సంఘం ఖర్చులకు ఇబ్బంది కావచ్చు. దేవుడు చూసుకుంటాడు.

తల్లిదండ్రులారా, కొడుకు ఫోన్‌లో పందేలకు అప్పులు చేశాడని తెలిస్తే ముందు తిట్టకండి. ముందు పక్కన కూర్చోండి. అప్పు ఎంతో అడిగి కాగితం మీద రాయించండి. తీర్చే దారి కలిసి చూడండి. పరువు పోతుందన్న భయం బిడ్డ ప్రాణం కంటే పెద్దది కాదు. బిడ్డ మాటల్లో చావు ఆలోచన వినబడితే క్షణం ఆలస్యం చేయవద్దు. 14416 నంబరుకు ఫోన్ చేస్తే మానసిక వైద్య సహాయం ఉచితంగా దొరుకుతుంది. ప్రార్థన చేయడం, ఫోన్ చేయడం రెండూ విశ్వాసపు పనులే.

యౌవనస్థులారా, ఒంటరిగా పోరాడకండి. ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకుని ఒకరి కోసం ఒకరు ప్రార్థించమని యాకోబు రాశాడు (యాకోబు 5:16). మీరు నమ్మదగిన ఒక్క అన్న దగ్గరైనా ఒక్కసారి నోరు తెరవండి. చీకట్లో దాచిన పాపమే గట్టిపడుతుంది.

సంఘ పెద్దలారా, సోదరీమణులారా, వెనక బల్ల మీద కూర్చున్న మనిషిని ఈ ఆదివారం పేరు పెట్టి పలకరించండి. తప్పిపోయినవాణ్ని సాత్వికమైన మనసుతో దారికి తీసుకురమ్మని, మీరూ శోధనలో పడకుండా చూసుకోమని పౌలు గలతీయులకు చెప్పాడు (గలతీ 6:1). ఆ రెండు మాటలనూ విడదీయకండి.

డిసెంబరు 31 రాత్రి మనమంతా మందిరాల్లో ఉంటాం. పన్నెండు గంటలకు మోకాళ్ల మీద ఉంటాం. తర్వాత కొత్త సంవత్సరపు వాగ్దాన కార్డు తీసుకుంటాం. కార్డులో ఏ ఆశీర్వాదం వచ్చిందో ఆత్రంగా చూసుకుంటాం. ఈసారి కార్డు తీసుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం. గతేడాది ఇదే రాత్రి ప్రభువు నాకు చూపించిన పాపం ఏది? ఈ ఏడాది దాన్ని చూస్తే నాకు ఇంకా నొప్పి కలుగుతోందా? నొప్పి ఉంటే స్తోత్రం, గుండె ఇంకా మెత్తగానే ఉంది. నొప్పి లేకపోతే డిసెంబరు 31 దాకా ఆగవద్దు. ఈ పేజీ మూసి, ఇప్పుడే, ఉన్నచోటనే మోకరించండి.

రాతి గుండెను తీసి మాంసపు గుండెను ఇచ్చే ప్రభువు మన మెట్ట ప్రాంతపు సంఘాలన్నిటినీ, ఈ మాటలు రాసిన మమ్మల్ని కూడా, ఈ దినాల్లో దర్శించునుగాక. ఆమేన్.